కొండెక్కే తుపాకి ఎంత బరువుండాలి?



అలిపిరి నుంచి తిరుమల కొండ నడిచి ఎక్కినవాళ్లు ఈ ప్రసంగం వినేవాళ్లలో చాలామందే ఉంటారు. 3,550 మెట్లు. మొదటి కొన్ని వందల మెట్ల దాకా భుజాన సంచి ఉన్న సంగతే గుర్తుండదు. గాలిగోపురం చేరేసరికి, ఆ సంచిలో రెండో నీళ్ల సీసా ఎందుకు పెట్టుకున్నామా అనిపిస్తుంది. మోకాళ్ల మెట్టు దగ్గర అయితే ఆ సంచి కాస్త మోసిపెట్టమని పక్కవాళ్లని అడగాలనిపిస్తుంది. అదే ఎక్కుడు మెట్లు లేని కొండ మీద, సముద్రమట్టానికి పదివేల అడుగుల పైన ఊహించుకోండి. అక్కడ పీల్చే ప్రతి ఊపిరిలో ప్రాణవాయువు ముప్పై శాతం దాకా తగ్గిపోతుంది. చేతిలో ఎనిమిది పౌండ్ల రైఫిల్, వీపున సంచి, కాళ్ల కింద మంచు తడికి జారే గడ్డి. కొలరాడోలో అక్టోబరు నెలలో ఎల్క్ వేటకి వెళ్లేవాళ్ల పరిస్థితి ఇది. ఎల్క్ అంటే మన అడవి కణుజు వంటి జంతువే. కానీ ఆకారంలో ఇంకా పెద్దది. బలిసిన మగది మూడు వందల కిలోలు దాటుతుంది.

నేను డెన్వర్‌కి దగ్గర్లో ఉంటాను. పదేళ్లకి పైగా ఆ కొండల్లో తిరుగుతున్నాను. ఈ మధ్య మన తెలుగువాళ్ల పెళ్లిళ్లలో, పండగ భోజనాల దగ్గర ఒకటే ప్రశ్న తరచుగా ఎదురవుతోంది. "అన్నా, మూడు వేల డాలర్లు పోసి ఐదు పౌండ్ల రైఫిల్ కొనొచ్చా? అంత డబ్బుకి తగినదేనా?" అడిగినవాళ్లందరికీ నిలబడి రెండు ముక్కల్లో జవాబు చెప్పాను. అది చాలలేదని నాకే అనిపించింది. అందుకే ఈ రోజు తీరిగ్గా మాట్లాడుతున్నాను.

ముందుగా ఒక మాట. మన దేశంలో ఈ ప్రశ్నే పుట్టదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం, ఆ తర్వాత 1991లో వచ్చిన సవరణ కలిసి వేటకి తలుపులు మూసేశాయి. నల్లమల అంచున పెరిగిన మనిషిగా అది మంచి పనే అంటాను. ఇక అమెరికాలో ఉన్న మనవాళ్లలో హెచ్-వన్-బి వంటి వీసాల మీద ఉన్నవాళ్లు ఒక విషయం గట్టిగా గుర్తుంచుకోవాలి. ఇక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం అలాంటి వీసా ఉన్నవాళ్లు తుపాకి కొనడం, దగ్గర ఉంచుకోవడం నేరం. దానికి కొద్దిపాటి మినహాయింపులున్నాయి. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు చేతిలో ఉండటం వాటిలో ఒకటి. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకి ఈ అడ్డు లేదు. అనుమానం ఉన్నవాళ్లు దుకాణానికి వెళ్లకముందే లాయరుని కలవండి. స్నేహితుడు చెప్పాడని ముందుకి పోవద్దు.

ఇప్పుడు తుపాకి సంగతి.

తేలిక రైఫిల్ మోజు కొత్తది కాదు. జిమ్ కార్బెట్ పేరు మీరు వినే ఉంటారు. చంపావత్‌లో మనుషుల్ని చంపుతున్న ఆడపులిని ఆయన 1907లో కాల్చినందుకు, అప్పటి ప్రభుత్వం ఆయనకి లండన్ రిగ్బీ కంపెనీ చేసిన .275 రైఫిల్‌ని బహూకరించింది. ఆయన దగ్గర అంతకన్నా చాలా బరువైన, పెద్ద తూటా పేల్చే జంటగొట్టాల రైఫిల్ కూడా ఉండేది. అయినా కుమావూ కొండల్లో రోజుల తరబడి నడిచేటప్పుడు ఆయన చాలాసార్లు ఆ చిన్నదాన్నే పట్టుకెళ్లాడు. ఇందులో మనం గమనించాల్సింది ఒకటుంది. ఆ తుపాకి తేలిక కావడానికి అరుదైన లోహాలేవీ వాడలేదు. తూటా చిన్నది కాబట్టి దాన్ని పేల్చే తుపాకిని కూడా తేలికగా, సన్నగా చేయగలిగారు. దాని తన్ను కూడా భుజం ఓర్చుకోగలిగినంతే. ఈ మాట మనసులో ఉంచుకోండి. మళ్లీ ఇక్కడికే వస్తాను.

అమెరికాలో ఈ కథని మలుపు తిప్పినవాడు వెస్ట్ వర్జీనియాకి చెందిన మెల్విన్ ఫోర్బ్స్. 1980ల్లో ఆయన అల్ట్రా లైట్ ఆర్మ్స్ పేరుతో రైఫిళ్లు చేయడం మొదలుపెట్టాడు. అప్పటిదాకా తేలిక చేయడమంటే, ఉన్న తుపాకినే తీసుకుని దాని ఉక్కుకి బెజ్జాలు పెట్టడం, కర్రని చెక్కేయడం. ఫోర్బ్స్ ఆ దారి పట్టలేదు. తూటా పొడవెంతో సరిగ్గా అంత కొలతకే ఉక్కు భాగాలన్నీ కొత్తగా గీసుకున్నాడు. ఆయన చేసిన మోడల్ 20లో తూటాని పట్టి పేల్చే ఉక్కు భాగం, అంటే యాక్షన్, బరువు ఇరవై ఔన్సులే. ఆ పేరు దానికి అందుకే వచ్చింది. కర్ర బదులు కెవ్లార్, కార్బన్ నారతో మడమ, అంటే స్టాక్, చేశాడు. ఆ మడమ బ్యారెల్‌కి కొస దాకా ఆనుకుని ఉండేలా కూర్చాడు. సన్నని బ్యారెల్ పేలుడుకి చువ్వలా వణకకుండా ఆ ఊత పట్టి ఉంచుతుంది. స్కోప్ లేకుండా మొత్తం రైఫిల్ ఐదు పౌండ్లు, అంటే రెండుంపావు కిలోల చుట్టుపక్కల. ఇవాళ దుకాణాల్లో కనిపించే ఖరీదైన తేలిక రైఫిళ్లన్నిటికీ ఆ మనిషి ఆలోచన ఏదో ఒక రూపంలో వారసత్వంగా అందింది. వాటిలో కింబర్ కంపెనీ మౌంటెన్ అసెంట్ నాలుగు పౌండ్ల పదమూడు ఔన్సులు. వెదర్బీ వాళ్ల బ్యాక్‌కంట్రీ టై కూడా ఐదు పౌండ్ల లోపే. అందులో యాక్షన్‌ని టైటానియంతో చేశారు. టైటానియం ఉక్కులో అరవై శాతం కన్నా తక్కువ బరువు తూగుతుంది. దాన్ని కోయడం, గీయడం మాత్రం చాలా కష్టం. మీరిచ్చే డబ్బులో పెద్ద భాగం ఆ పనితనానికే పోతుంది.

కార్బన్ చుట్టిన బ్యారెళ్ల గురించి మనవాళ్లకి ఒక అపోహ ఉంది. నల్లగా, నారలు కనపడుతూ ఉంటే అదే అన్నిటికన్నా తేలికనుకుంటారు. లోపల సన్నని ఉక్కు గొట్టం, దాని చుట్టూ కార్బన్ నార చుట్ట. అది లావుపాటి ఉక్కు బ్యారెల్ కన్నా తేలికే. కానీ పెన్సిల్ లాంటి సన్నటి ఉక్కు బ్యారెల్‌తో పోలిస్తే దాని బరువు తగ్గదు. చాలాసార్లు కాస్త ఎక్కువే. లావుగా ఉన్నా బరువు లేకపోవడం, వంగకుండా బిగువుగా ఉండటం దాని గొప్పతనం. ఆ గొప్పతనం మీకు కావాలో అక్కర్లేదో తేల్చుకుని కొనండి.

ఇక అసలు చర్చకి వద్దాం. నిండుగా స్కోప్, పట్టీ అన్నీ కలిపి 3.6 కిలోల మామూలు రైఫిల్ ఒకటి, 2.7 కిలోల తేలికది ఒకటి పక్కపక్కన పెట్టుకుందాం. రెండూ ఒకే తూటా పేలుస్తాయి. తేడా తొమ్మిది వందల గ్రాములు. కొండ మీద పది గంటలు చేతిలో పట్టుకుని తిరిగేవాడికి ఆ తేడా నిజంగానే తెలుస్తుంది. ఇది ప్రచారం కోసం పుట్టించిన మాట కాదు. వీపు మీద బరువు వేరు, చేతిలో బరువు వేరు. సంచిలో కిలో తగ్గితే మనకి పెద్దగా పట్టదు. చేతిలో కిలో తగ్గితే మధ్యాహ్నానికి భుజం, మణికట్టు రెండూ నిమ్మళంగా ఉంటాయి. అంతవరకు కంపెనీలు చెప్పేది సత్యం.

కానీ ఆ తొమ్మిది వందల గ్రాములు ఊరికే పోవు. పడవలోంచి గట్టు మీదకి దూకినప్పుడు ఏమవుతుందో గోదావరి, కృష్ణ ఒడ్డున పెరిగినవాళ్లకి తెలుసు. పెద్ద పడవైతే కొద్దిగా వెనక్కి జరుగుతుంది. పుట్టి అయితే ఒక్క తోపుకే దూరంగా పోతుంది. గుండు ముందుకి దూకినప్పుడు తుపాకి కూడా అంతే. బరువు నాలుగింట మూడు వంతులకి తగ్గితే భుజాన్ని తాకే తన్నులో శక్తి మూడో వంతు పెరుగుతుంది. దీన్ని ఏ కంపెనీ తప్పించలేదు. లెక్క అలాంటిది. మడమ చివర మెత్తటి రబ్బరు పెట్టి కొంత తట్టుకోవచ్చు.

ఇంకో ఉపాయంగా తుపాకి మూతికి బ్రేక్ అని ఒక ముక్క బిగిస్తారు. పేలిన వాయువుని పక్కలకి, వెనక్కి మళ్లించి తన్నుని బాగా తగ్గిస్తుంది. మౌంటెన్ అసెంట్ లాంటివి దానితోనే వస్తాయి. ఆ వాయువుతో పాటు చప్పుడు కూడా మీ చెవి వైపే మళ్లుతుంది. రైఫిల్ చప్పుడు 140 డెసిబెళ్లు దాటితే ఒక్క పేలుడుకే వినికిడి దెబ్బతినవచ్చని వైద్యులు హెచ్చరిస్తారు. రక్షణ లేని చెవికి వేట రైఫిల్ ఏదైనా ఆ గీత దాటుతుంది. బ్రేక్ ఉన్నది ఇంకా పైకి పోతుంది. మీతో పాటు మీ అబ్బాయో, మీ బావగారో పక్కన కూర్చుంటే వాళ్ల చెవికీ అదే దెబ్బ. రేడియోలో మాట్లాడుతూ ఇది చెప్పకుండా దాటిపోవడం నాకు చేతకాదు. చెవి మఫ్ లేకుండా బ్రేక్ ఉన్న రైఫిల్ పేల్చవద్దు.

తన్ను పెరిగితే నొప్పి ఒక్కటే కాదు, వేరే నష్టం ఉంది. పదిహేను, ఇరవై తూటాలు పేల్చాక శరీరం తనకి తానే నేర్చుకుంటుంది. మీట నొక్కే క్షణానికి ముందే కన్ను మూసుకుంటుంది, భుజం ముందుకు తోస్తుంది. ఇంగ్లీషులో ఫ్లించ్ అంటారు. మనిషికి తెలియకుండానే జరుగుతుంది. దాన్ని బయటపెట్టే ఉపాయం చాలా చవక. మీ స్నేహితుడి చేత తూటాలు పెట్టించుకోండి. మధ్యలో ఎప్పుడో ఒక డమ్మీ తూటా పెట్టమనండి, మీకు చెప్పకుండా. మీట నొక్కినప్పుడు పేలుడు లేకపోయినా తుపాకి మూతి ఎగిరిపడిందంటే మీకు ఆ జబ్బు పట్టినట్టే.

ఇప్పుడు నా సొంత అనుభవం ఒకటి. చెప్పడం కష్టంగానే ఉంది, అయినా చెప్పాలి.

మూడేళ్ల కిందట ఒక స్నేహితుడు తన కొత్త తేలిక రైఫిల్ నాకు రెండు వారాలు ఇచ్చాడు. రేంజ్‌లో బల్ల మీద ఇసుక సంచులు పెట్టి పేల్చాను. వంద గజాల దూరంలో మూడు గుండ్లు రూపాయి బిళ్ల అంత జాగాలో పడ్డాయి. ఎంత ముచ్చటపడ్డానో. కొండకి పట్టుకెళ్లాను. రెండో రోజు ఉదయం ఒక ఆడ ఎల్క్ లోయకి అవతలి వాలు మీద, 240 గజాల దూరంలో నిలబడింది. మంచి చోటు కోసం నేను అప్పటికే ఇరవై నిమిషాలు ఏటవాలు ఎక్కి ఉన్నాను. కూర్చుని, మోకాళ్ల మీద మోచేతులు ఆనించి చూశాను. స్కోప్‌లో గీత గుండె కొట్టుకున్నప్పుడల్లా ఎగిరిపడుతోంది. నా పాత బరువైన రైఫిల్‌తో అదే కూర్చునే తీరులో గీత అలా ఎగరడం నేనెప్పుడూ చూడలేదు. ఆగి ఉండాల్సింది. ఆగలేదు. గుండు వెనక్కి, కడుపులోకి పోయింది. సాయంత్రం దాకా రక్తపు చుక్కలు వెతుక్కుంటూ తిరిగాను. మరునాడు పొద్దున పదిన్నరకి దొరికింది. అంత బాధ పడి చచ్చిపోయిన ప్రాణిని, మాంసం చాలావరకు పాడైపోయాక, కొండ దించడం ఎలా ఉంటుందో నేను వర్ణించలేను.

ఆ రైఫిల్‌ని నేను తప్పు పట్టను. దాన్ని పట్టుకున్న మనిషికి దానితో సాధన లేదు. ఆ తర్వాత ఇంటికొచ్చి, రేంజ్‌లో రెండింటినీ పెట్టుకుని ఒక పని చేశాను. రెండు వందల గజాల దూరంలో అన్నం తినే పేపరు ప్లేటు అంటించి, పరుగెత్తి వచ్చి, ఆయాసంతోనే కూర్చుని ఒక్కో గుండే పేల్చాను. నా పాత రైఫిల్‌తో ఒకటి రెండు తప్ప అన్నీ ప్లేటులో పడ్డాయి. తేలికదానితో సగం బయటికి పోయాయి. బల్ల మీద రూపాయి బిళ్ల అంత గుంపు పెట్టింది ఆ తుపాకే. కానీ ఎల్క్ నిలబడ్డ చోట బల్లా, ఇసుక సంచులూ ఉండవు. బరువున్న రైఫిల్, అందులోనూ మూతి వైపు కాస్త బరువున్నది, మన వణుకుని తనలో కలిపేసుకుంటుంది. తేలికది ప్రతి వణుకునీ యథాతథంగా మూతి దాకా మోసుకుపోతుంది.

అందుకే అమ్మేవాడు చూపించే మూడు గుండ్ల కాగితాన్ని చూసి మోసపోవద్దని చెబుతాను. వంద మీటర్ల దగ్గర ఒక మినిట్ కోణం, అంటే మూడు సెంటీమీటర్లకి కొంచెం తక్కువ జాగా, హామీ ఇస్తున్నామంటారు. మూడు గుండ్లు దగ్గరగా పడటం చాలాసార్లు అదృష్టం కూడా. పది గుండ్లు పడితే అసలు రంగు బయటపడుతుంది. సన్నటి బ్యారెల్ మూడు నాలుగు గుండ్లకే చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది, గురి మెల్లగా పక్కకి జరగవచ్చు. వేటలో ఇది పెద్ద లోపం కాదు. అక్కడ లెక్కలోకి వచ్చేది చల్లటి బ్యారెల్ నుంచి పోయే మొదటి గుండు. కాబట్టి కొనేముందు అడగాల్సింది ఇది. ఐదు వేర్వేరు రోజుల్లో, చల్లటి బ్యారెల్‌తో పేల్చిన మొదటి గుండ్లు ఐదూ ఒకే చోట పడుతున్నాయా? మంచి తేలిక రైఫిల్ అయితే పడతాయి. మెల్విన్ ఫోర్బ్స్ చేసినవాటికి గురి విషయంలో మంచి పేరు ఊరికే రాలేదు.

డబ్బు సంగతి చూద్దాం. ఫిన్లండ్‌లో తయారయ్యే టిక్కా టీ-త్రీ-ఎక్స్ లైట్ మూడు కిలోల లోపే ఉంటుంది. ధర వెయ్యి డాలర్లకి అటూ ఇటూ. అమెరికాలోనే చేసే రూగర్ అమెరికన్ ఇంకా చవక. అదీ మూడు కిలోల చుట్టుపక్కలే. ఖరీదైన తేలికదానికి మూడు వేలు. అంటే ఆరేడు వందల గ్రాములు తగ్గించుకోవడానికి మనం పెట్టేది సుమారు రెండు వేల డాలర్లు. తూటాల పెట్టె నలభై డాలర్లనుకున్నా అదే డబ్బుకి యాభై పెట్టెలు, అంటే వెయ్యి తూటాలు వస్తాయి. వెయ్యి తూటాలు కూర్చుని, నిలబడి, మోకరిల్లి, ఆయాసపడుతూ పేల్చిన మనిషి మారిపోతాడు. ఆ మార్పు ఏ టైటానియంతోనూ రాదు.

ఇంకొక వింత చూస్తుంటాను. మూడు వేలు పోసి ఐదు పౌండ్ల రైఫిల్ కొంటారు. దాని మీద ఎనిమిది వందల గ్రాముల పెద్ద స్కోప్ బిగిస్తారు, ముందు రెండు కాళ్ల స్టాండు, చివర సైలెన్సర్. కొన్న తేలికంతా తిరిగి అమ్మేసుకున్నట్టే. పైగా బరువంతా పైన చేరి తుపాకి చేతిలో పక్కకి ఒరిగిపోతుంది. మూడు వందల యాభై గ్రాముల మంచి స్కోప్ మామూలు రైఫిల్ మీద పెట్టుకుంటే, నాలుగైదు వందల గ్రాములు అక్కడే తగ్గిపోతాయి. జాక్ ఓకానర్ అని ఒక పెద్ద వేట రచయిత ఉండేవాడు, 1978లో పోయాడు. కొండగొర్రెల వేటకి పేరుమోసిన మనిషి. ఆయనకి ఇష్టమైన విన్‌చెస్టర్ మోడల్ 70, .270 తూటాది, ఈనాటి లెక్కలో తేలికది కానే కాదు. ఆ తుపాకిని ఆయన శరీరానికి సరిపోయేలా అల్ బీసెన్ అనే పనివాడు కర్రతో మలిచాడు. ఎత్తగానే కన్ను స్కోప్‌కి ఎదురుగా వచ్చేలా ఉండటం, ఔన్సుల కన్నా ముఖ్యమని నేను నమ్ముతాను.

మరి ఎవరూ కొనకూడదా? అలా అనను. ఏటా పది రోజులకి తక్కువ కాకుండా కాలినడకన ఎత్తైన కొండల్లో తిరిగేవాళ్లున్నారు. గుడారం, తిండి, అన్నీ వీపున మోసుకుపోతారు. ఏడాది పొడుగునా రేంజ్‌కి వెళ్తారు. అలాంటివాళ్లు కొనుక్కుంటే పెట్టిన డబ్బుకి న్యాయం జరుగుతుంది. వయసు మీద పడి, భుజం అరిగి, అయినా కొండ వదలలేని మనిషికి కూడా అది వరమే. వాళ్లకి ఒక్క సలహా. కార్బెట్ దారిలో పోండి. తేలిక తుపాకికి తేలిక తూటాయే ఎంచుకోండి. 6.5 క్రీడ్‌మూర్, సెవెన్ ఎంఎం-నాట్-ఎయిట్ లాంటివి మూడు వందల గజాల లోపు ఎల్క్‌కి సరిపోతాయి. ఐదు పౌండ్ల రైఫిల్‌లో మ్యాగ్నమ్ తూటా పెట్టుకోవద్దు.

టెక్సాస్‌లో మంచె మీద కూర్చుని జింక కోసం ఎదురుచూసేవాళ్లకి మాత్రం ఈ ఖర్చు దండగ. కారు దిగి మంచె దాకా రెండు వందల గజాలు నడిచేవాడికి బరువే మేలు చేస్తుంది. నన్ను అడిగిన మనవాళ్లలో ఎక్కువమంది ఇలాంటివాళ్లే. ఏడాదిలో మూడు రోజుల వేట, ఒక్కరోజు సాధన. వాళ్లకి నేనిచ్చే జవాబు, వద్దు. టిక్కా లాంటిది తీసుకోండి. మిగిలిన డబ్బులో ముందుగా తాళం పడే ఇనప పెట్టె కొనండి, ఇంట్లో పిల్లలున్నారు. ఆ తర్వాత మంచి బూట్లు, తూటాలు. ఆఖరికి మిగిలితే తేలిక స్కోప్. కొలరాడో వచ్చేవాళ్లు హంటర్ ఎడ్యుకేషన్ క్లాసు కూడా మరవద్దు. 1949 జనవరి 1న గానీ, ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకి ఆ సర్టిఫికెట్ లేనిదే మామూలుగా ఇక్కడ వేట లైసెన్సు ఇవ్వరు.

ఇంకా కొనాలనే అనిపిస్తే, ఎవరిదైనా అడిగి తీసుకుని రేంజ్‌కి పట్టుకెళ్లండి. పరుగెత్తి వచ్చి, కూర్చుని, పేపరు ప్లేటు మీద పది గుండ్లు పేల్చండి. పదిలో తొమ్మిది ప్లేటులో పడితే కొనుక్కోండి. పడకపోతే ఆ డబ్బు జేబులోనే ఉంచుకుని, ఉన్న తుపాకితో పేల్చడం నేర్చుకోండి. నేను ఈ అక్టోబరులో కూడా నా పాత ఎనిమిది పౌండ్ల రైఫిల్‌నే కొండెక్కిస్తున్నాను.